నేర్పకుండానే వచ్చే వ్యాకరణం

మద్రసాలో చేరిన విద్యార్థికి అరబీ వ్యాకరణంలో మేము చెప్పే మొదటి పాఠం మాటల విభజన. మాట మూడు విధాలు: ఇస్మ్, ఫేల్, హర్ఫ్. నామవాచకం ఇస్మ్. క్రియ ఫేల్. ఈ రెండింటిలోనూ చేరక, వేరొక మాటతో కలిసినప్పుడే అర్థమిచ్చేది హర్ఫ్. ఆ తర్వాత వాక్యంలో పని చేసినవారెవరో గుర్తించడం నేర్పుతాము. వారిని అరబీ వ్యాకరణంలో ఫాయిల్ అంటారు, తెలుగు వ్యాకరణంలో కర్త అంటారు. ముప్పై ఏళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాము. ఏటా కొందరు పిల్లలు ఫాయిల్ దగ్గరే తడబడతారు. నల్లబల్ల మీద వాక్యం రాసి ఫాయిల్‌ను చూపమంటే మరో మాట మీద వేలు పెడతారు.

అలా తడబడిన ఒక పిల్లవాడు ఒకనాడు పాఠం ముగిశాక వరండాలో తోటి విద్యార్థికి ఇంటి సంగతులు చెబుతున్నాడు. "అక్కతో తమ్ముడు కూడా బజారుకు వెళ్ళాడు" అన్నాడు. ఆ మాట విని మేము ఒక్క క్షణం నిలిచిపోయాము. ఆ వాక్యంలో మొదట ఉన్నది అక్క. క్రియకు దగ్గరగా ఉన్నది బజారు. అయినా ఆ పిల్లవాడు 'వెళ్ళింది' అనలేదు, 'వెళ్ళాడు' అన్నాడు. అంటే కర్త తమ్ముడేనని అతనికి తెలుసు. నల్లబల్ల మీద కనిపించని ఫాయిల్ నాలుక మీద మాత్రం తప్పిపోలేదు. మూడు నాలుగేళ్ళ పసివారు కూడా ఇటువంటి వాక్యాలు అలవోకగా పలుకుతారు. వారికి కర్త అనే మాట తెలియదు. వారి తల్లి కూడా వారికి ఆ నియమాన్ని ఎన్నడూ చెప్పి ఉండదు. మరి ఎవరు నేర్పారు?

భాషాశాస్త్రంలో గత అరవై డెబ్బై ఏళ్ళుగా సాగుతున్న ఒక పెద్ద వాదం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. 'సార్వత్రిక వ్యాకరణం' అనే సిద్ధాంతం అక్కడి నుండే పుట్టింది. ఇది విశ్వవిద్యాలయాల గోడల మధ్య ఉండవలసిన విషయమని కొందరు అనుకోవచ్చు. మేమూ ఒకప్పుడు అలాగే అనుకున్నాము. కాని దానికీ మన ఇళ్ళలోని పిల్లలకూ సంబంధం ఉంది. ఆ సంబంధం తెలియక మా చేతుల మీదుగా జరిగిన ఒక పొరపాటును కూడా ఈ వ్యాసంలో చెప్పదలిచాము.

చామ్‌స్కీ అడిగిన ప్రశ్న

ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలంలో అమెరికాలో మనస్తత్వ శాస్త్రజ్ఞులు చాలామంది భాషను ఒక అలవాటుగా భావించేవారు. పిల్లవాడు విన్నదాన్ని అనుకరిస్తాడు, సరిగ్గా పలికితే పెద్దలు మెచ్చుకుంటారు, తప్పు పలికితే మెప్పు దొరకదు, అలా క్రమంగా భాష అబ్బుతుంది అన్నది వారి వాదం. బి.ఎఫ్. స్కిన్నర్ 1957లో ఈ ధోరణిలో ఒక గ్రంథం వెలువరించారు. అదే ఏడాది నోమ్ చామ్‌స్కీ అనే యువ భాషాశాస్త్రజ్ఞుని చిన్న పుస్తకం 'సింటాక్టిక్ స్ట్రక్చర్స్' వచ్చింది. 1959లో ఆయన స్కిన్నర్ గ్రంథంపై సుదీర్ఘమైన విమర్శ రాశారు. భాషాశాస్త్రం దారి మళ్ళింది అక్కడే.

చామ్‌స్కీ వాదన సారాంశం ఇది. పిల్లలు వినే మాటలు పరిమితమైనవి. పెద్దల సంభాషణలో సగంలో ఆగిన వాక్యాలుంటాయి, తడబాట్లుంటాయి. నియమాలను ఎవరూ విడమరచి చెప్పరు. అయినా నాలుగైదేళ్ళు వచ్చేసరికి ఆరోగ్యవంతుడైన ప్రతి పిల్లవాడూ తానెన్నడూ వినని వాక్యాలను నిర్మించగలుగుతాడు, తానెన్నడూ వినని వాక్యాలను అర్థం చేసుకోగలుగుతాడు. పిల్లల తప్పులను గమనించినా ఇదే తెలుస్తుంది. ఇంగ్లీషులో 'గో' అనే క్రియకు భూతకాల రూపం 'వెంట్'. ఇంగ్లీషు మాతృభాషగా గల పసివారు కొంతకాలం 'గోడ్' అంటారు. పెద్దలెవరూ అలా అనరు కనుక అది అనుకరణ కాదు. ఇతర క్రియల నుండి ఒక నియమాన్ని పసిగట్టి, దాన్ని అన్నిటికీ వర్తింపజేయబోయి చేసిన తప్పు అది. తప్పులో కూడా నియమం ఉంది.

కాబట్టి భాషకు కావలసిన ఒక అమరిక పుట్టుకతోనే మనిషిలో ఉండాలి అన్నారు చామ్‌స్కీ. దానికే సార్వత్రిక వ్యాకరణం అని పేరు. అది అన్ని భాషల నియమాలూ రాసిపెట్టిన పుస్తకం కాదు. తెలుగు గాని, అరబీ గాని ఎవరి రక్తంలోనూ ఉండవు. హైదరాబాదులో పుట్టిన శిశువును పసికందుగా ఉండగానే జపానుకు తీసుకువెళ్తే జపనీస్ మాట్లాడుతుంది. మనిషి భాష ఎలా ఉండగలదో, ఎలా ఉండజాలదో నిర్ణయించే హద్దుల సమాహారమే ఆ సిద్ధాంతంలోని సార్వత్రిక వ్యాకరణం. వాక్యంలోని మాటలన్నిటినీ వెనుక నుండి ముందుకు తిరగేసి చెబితే అది ప్రశ్న అవుతుందనే నియమం ఊహించడానికి ఎంతో సులువు. అయినా అటువంటి నియమం గల భాష మనుషులలో కనిపించదు. పిల్లవాడి బుద్ధి మాటల వరుసను లెక్కపెట్టదు, మాటల మధ్యనున్న సంబంధాన్ని పట్టుకుంటుంది. మా విద్యార్థి అక్కను, బజారును దాటి తమ్ముణ్ణి పట్టుకున్నది అలాగే.

ఇక్కడ మా వంటి అరబీ ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగించే ఒక విశేషం ఉంది. 1928లో ఫిలడెల్ఫియాలో పుట్టిన చామ్‌స్కీ తండ్రి హీబ్రూ పండితుడు. మధ్యయుగపు హీబ్రూ వ్యాకరణ శాస్త్రం అరబీ వ్యాకరణాన్ని ఆదర్శంగా పెట్టుకొని పెరిగింది. చామ్‌స్కీ తొలి పరిశోధన కూడా హీబ్రూ భాష మీదనే. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్నప్పుడు ఫ్రాంజ్ రోసెంతాల్ అనే ఆచార్యుని వద్ద 'ఆజుర్రూమియ్య'ను చదివినట్లు ఆయనే ఒక సంభాషణలో గుర్తు చేసుకున్నారు. హిజ్రీ ఎనిమిదో శతాబ్దంలో ఫాస్ నగరానికి చెందిన ఇబ్న్ ఆజుర్రూమ్ రాసిన ఆ చిన్న పాఠ్యగ్రంథం ఈనాటికీ లోకమంతటా మద్రసాలలో పిల్లలు వల్లె వేసేదే. ఆయన సిద్ధాంతానికి అదే మూలమని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. కాని మా పిల్లలు తడబడే చోటనే ఆయన కూడా ఒకప్పుడు కూర్చుని చదువుకున్నారని తలచుకుంటే సంతోషం కలుగుతుంది.

అరబీ ముందు, తెలుగు వెనుక

అన్ని భాషలకూ ఉమ్మడి లక్షణాలున్నాయా అన్న ప్రశ్నకు జోసెఫ్ గ్రీన్‌బర్గ్ అనే మరో పండితుడు వేరొక మార్గంలో సమాధానం వెదికారు. ఒక భాషను లోతుగా తవ్వడానికి బదులు ఆయన 30 భాషలను పక్కపక్కన పెట్టి పోల్చారు. 1963లో 45 సూత్రాలను ప్రకటించారు. వాటిలో ఒకదాన్ని మన ఇళ్ళలోనే పరీక్షించుకోవచ్చు.

వ్యాకరణ పాఠాలలో తరతరాలుగా వస్తున్న జైద్, అమ్ర్‌ల ఉదాహరణను తీసుకుందాం. అరబీలో 'కొట్టాడు' అనే క్రియ ముందు వస్తుంది, తర్వాత జైద్, ఆ తర్వాత అమ్ర్. తెలుగులో 'జైద్ అమ్ర్‌ను కొట్టాడు' అంటాము. క్రియ చివరకు పోయింది. ఇప్పుడు 'ఇంట్లో' అనే మాట చూడండి. అరబీలో 'ఫిల్ బైత్'. 'లో' అనే అర్థమిచ్చే 'ఫీ' ముందు, ఇల్లు తర్వాత. తెలుగులో ఇల్లు ముందు, 'లో' తర్వాత. ఉర్దూలో 'ఘర్ మేఁ' కూడా తెలుగు వరుసే, ఉర్దూలోనూ క్రియ చివరనే ఉంటుంది. క్రియ ముందుండే భాషలలో 'లో', 'పై', 'నుండి' వంటివి నామవాచకానికి ముందు వస్తాయని, క్రియ చివర ఉండే భాషలలో అవి అత్యధికంగా నామవాచకానికి తర్వాత వస్తాయని గ్రీన్‌బర్గ్ గమనించారు. అరబీ, తెలుగు ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాల వంటివి. ఒక చోట వరుస తిరగబడితే రెండో చోట కూడా తిరగబడింది.

'అత్యధికంగా' అన్న మాటను మాత్రం విస్మరించరాదు. ఫార్సీ చదివిన పెద్దలకు మినహాయింపు వెంటనే స్ఫురిస్తుంది. ఫార్సీలో క్రియ చివర వస్తుంది, అయినా 'ఇంట్లో' అనడానికి 'దర్ ఖానా' అంటారు. 'దర్' ముందే ఉంది. భాషల మధ్య పోలికలు నిజమే. అయితే వాటిలో కొన్ని మాత్రమే ఉక్కుగోడల వంటివి, చాలా వరకు నీరు పారే వాలు వంటివి.

బాగ్దాద్‌లో జరిగిన వాదం

మనిషి బుద్ధిలో ఉన్నది అందరికీ ఒకటేనా, లేక ప్రతి భాషా తనదైన ఆలోచనను తయారు చేస్తుందా? ఈ ప్రశ్న చామ్‌స్కీతో మొదలైనది కాదు. హిజ్రీ నాలుగో శతాబ్దపు తొలి దశాబ్దాలలో బాగ్దాద్ నగరంలో, వజీర్ ఇబ్నుల్ ఫురాత్ సమక్షంలో, ఇద్దరు పండితులు దీనిపైనే తలపడ్డారు. ఒకరు గ్రీకు తర్కశాస్త్రాన్ని అరబీలోకి తెచ్చిన క్రైస్తవ పండితుడు అబూ బిష్ర్ మత్తా. మరొకరు సీబవైహ్ మహాగ్రంథానికి వ్యాఖ్యానం రాసిన వ్యాకరణవేత్త అబూ సయీద్ అస్సీరాఫీ. ఆ వాదాన్ని అబూ హయ్యాన్ అత్తౌహీదీ తన 'అల్ ఇమ్తా వల్ ముఆనస' గ్రంథంలో భద్రపరిచారు.

భావాలు అన్ని జాతులకూ సమానమే, నాలుగూ నాలుగూ ఎనిమిది కావడం అందరికీ ఒకటే, కనుక ఆ భావాలను తూచే తర్కశాస్త్రం అందరికీ ఉమ్మడి త్రాసు అన్నది మత్తా పక్షం. మీరు ఉమ్మడి త్రాసు అంటున్నది నిజానికి గ్రీకు భాషకు వ్యాకరణం మాత్రమే, భావం భాషలో అల్లుకుపోయి ఉంటుంది, భాష తెలియకుండా భావాన్ని పట్టుకోలేరు అన్నది సీరాఫీ పక్షం. అరబీలో 'మరియు' అనే అర్థమిచ్చే 'వావ్' అనే ఒక్క అక్షరానికి ఎన్ని ప్రయోజనాలున్నాయో చెప్పమని ఆయన మత్తాను అడిగారు. మత్తా చెప్పలేకపోయారు. సభలో విజయం సీరాఫీదే అయింది.

కాని ప్రశ్న అక్కడితో ముగియలేదు. అదే కాలంలో జీవించిన తత్వవేత్త అల్ ఫారాబీ తన 'ఇహ్సావుల్ ఉలూమ్' గ్రంథంలో ఇద్దరికీ చోటిచ్చారు. ఒక జాతి మాటలకు పరిమితమైన నియమాలను వ్యాకరణం చెబుతుంది, అన్ని జాతుల మాటలకూ ఉమ్మడి అయిన నియమాలను తర్కం చెబుతుంది అన్నారు. నామవాచకం, క్రియ, అవ్యయం అనే విభజన వంటివి అన్ని భాషలకూ ఉమ్మడివని ఆయన గుర్తించారు.

ఆ తర్వాతి తరంలో ఇబ్న్ జిన్నీ 'అల్ ఖసాయిస్' గ్రంథంలో మరో ప్రశ్న ఎత్తుకున్నారు. భాష దైవం నేర్పినదా, మనుషులు ఒప్పందంతో కల్పించుకున్నదా? అల్లాహ్ ఆదమ్ (అలైహిస్సలాం)కు పేర్లన్నీ నేర్పాడని సూరా అల్ బఖరాలో ఉన్న విషయం మనకు తెలిసినదే. ఇబ్న్ జిన్నీ గురువు అబూ అలీ అల్ ఫారిసీ ఒకసారి దానినే ప్రమాణంగా చూపారు. పేర్లు పెట్టగల సామర్థ్యాన్ని అల్లాహ్ ఆదమ్‌కు ప్రసాదించాడని కూడా ఆ వాక్యాన్ని అర్థం చేసుకునే వీలుందని ఇబ్న్ జిన్నీ రాశారు. చివరకు ఆయన రెండు అభిప్రాయాల మధ్య ఊగిసలాడుతూ, ఏదీ తేల్చలేకపోతున్నానని దాపరికం లేకుండా ఒప్పుకున్నారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చామ్‌స్కీ చెప్పినది ఖుర్ఆన్‌లో ముందే ఉన్నదని ప్రకటించడానికి కొందరు తొందరపడతారు. మేము ఆ దారిని ఇష్టపడము. మనుషుల సిద్ధాంతాలు మారుతూ ఉంటాయి. చామ్‌స్కీ స్వయంగా తన సిద్ధాంతాన్ని పలుమార్లు సవరించుకున్నారు. దివ్యగ్రంథాన్ని మారే సిద్ధాంతాలకు తగిలించడం శ్రేయస్కరం కాదు. సూరా అర్ రూమ్ భాషల వైవిధ్యాన్ని దైవసూచనలలో ఒకటిగా పేర్కొని, ఆలోచించమని జ్ఞానులను పిలుస్తోంది. ఆలోచించడం మన వంతు.

ఎదురు వాదన

సార్వత్రిక వ్యాకరణాన్ని అంగీకరించని పండితులు అనేకులు. వారి మాట కూడా వినాలి. 'నిన్న వచ్చిన అతిథి ఇచ్చిన ఖర్జూరాలు తిన్న పిల్లవాడు నిద్రపోయాడు' అనే వాక్యంలో ఒక మాట లోపల మరొకటి, దాని లోపల ఇంకొకటి ఒదిగి ఉన్నాయి. ఇలా ఒకదానిలో మరొకటి ఒదిగించే శక్తే భాషకు మూలసారం కావచ్చునని 2002లో చామ్‌స్కీ, మరో ఇద్దరు శాస్త్రజ్ఞులు కలిసి రాశారు. అమెజాన్ అడవులలోని పిరహా ప్రజల భాషలో ఆ లక్షణమే లేదని 2005లో డేనియల్ ఎవరెట్ ప్రకటించారు. ఇతర పండితులు ఆయన సాక్ష్యాలను ప్రశ్నించారు. ఆ తగవు ఇంకా తీరలేదు. 2009లో నికొలస్ ఎవాన్స్, స్టీఫెన్ లెవిన్సన్ అన్ని భాషలకూ ఉమ్మడి లక్షణాలనేవి ఒక అపోహ అని, భాషలలోని వైవిధ్యమే అసలు విశేషమని వాదించారు.

వ్యాకరణానికి ప్రత్యేకమైన పుట్టుక అమరిక అక్కరలేదని, ఎదుటివారి ఉద్దేశాన్ని గ్రహించే గుణం, పోలికలను పసిగట్టే గుణం చాలునని మైఖేల్ టొమసెల్లో అంటారు. ఈ పక్షానికి బలమిచ్చే ప్రయోగం ఒకటి 1996లో వెలువడింది. ఎనిమిది నెలల శిశువులకు అర్థం లేని అక్షరాలను విరామం లేకుండా రెండు నిమిషాలు వినిపించారు. ఏ అక్షరం తర్వాత ఏది తరచుగా వస్తున్నదో ఆ శిశువులు అంతలోనే పట్టేశారు. ఒడిలోని శిశువుకు ఏమీ తెలియదని మనం అనుకుంటున్న సమయంలో ఆ శిశువు లెక్కలు కడుతూ ఉంటుంది.

కాని పాఠకులు గమనించవలసినది ఏమంటే, ఈ రెండు పక్షాలకూ ఒక విషయంలో భేదం లేదు. శక్తి ఏదైనా సరే, అది ఒంటరిగా వికసించదు. చుట్టూ మనుషులు ఒక భాషలో మెలగాలి, అది కూడా పసితనంలోనే జరగాలి. విత్తనం గురించి ఎంత తగవు ఉన్నా, నీరు కావాలన్న దానిలో తగవు లేదు.

మాట వినని పల్లెలో పుట్టిన భాష

దీనికి గొప్ప నిదర్శనం ఒక ముస్లిం గ్రామంలో దొరికింది. నెగెవ్ ఎడారిలో అల్ సయ్యిద్ అనే బదూ తెగ నివసిస్తోంది. సుమారు 200 ఏళ్ళ క్రితం ఏర్పడిన పల్లె అది. 1930ల ప్రాంతంలో అక్కడ ఒకే కుటుంబంలో నలుగురు వినికిడి లేని పిల్లలు పుట్టారు. ఆ తెగలో వివాహాలు ఎక్కువగా బంధువుల మధ్యనే జరుగుతాయి కనుక తర్వాతి తరాలలో వారి సంఖ్య పెరిగింది. 2005లో పరిశోధకులు తమ అధ్యయనాన్ని ప్రచురించే నాటికి సుమారు 3,500 మంది జనాభాలో 150 మంది వరకు వినికిడి లేనివారున్నారు.

ఆ పల్లెలో వారిని ఎవరూ వెలివేయలేదు. తల్లులు, అన్నదమ్ములు, ఇరుగుపొరుగు అందరూ వారితో సైగలతో మాట్లాడసాగారు. పెండ్లి కబుర్లు, వ్యాపారం, పాత కథలు అన్నీ సైగలలోనే చెప్పుకునేవారు. మూడు తరాలలో అది సంపూర్ణమైన భాషగా ఎదిగింది. వెండీ సాండ్లర్, ఇరిత్ మెయిర్, కరోల్ పాడెన్, మార్క్ ఆరోనాఫ్ అనే నలుగురు భాషాశాస్త్రజ్ఞులు దానిని పరిశీలించగా ఒక క్రమం బయటపడింది. ముందు కర్త, తర్వాత కర్మ, చివర క్రియ. చుట్టూ మాట్లాడే అరబీ వరుస అది కాదు, హీబ్రూ వరుస కూడా కాదు. అది మన తెలుగు వరుస! ఎవరూ నేర్పని నియమాన్ని ఆ పల్లె తనంతట తానే ఏర్పరచుకుంది.

దీనిని చూసి తెలుగే ఆదిభాష అని పొంగిపోనక్కరలేదు. ఇంగ్లీషు, స్పానిష్, చైనీస్, టర్కిష్ మాట్లాడేవారిని నోరు మెదపకుండా సైగలతో ఒక సంఘటన చెప్పమంటే అందరూ దాదాపు ఇదే వరుసను అనుసరించారని 2008లో సూసన్ గోల్డిన్ మెడో, సహచరులు చూపించారు. మనిషి మనసుకు ఆ క్రమం సహజంగా తోస్తుందేమో.

మధ్య అమెరికాలోని నికరాగువా దేశంలోనూ ఇటువంటిదే జరిగింది. 1970ల చివర, 80ల తొలినాళ్ళలో రాజధాని మనాగువాలోని పాఠశాలలలో వందలాది వినికిడి లేని పిల్లలను మొదటిసారి ఒకచోట చేర్చారు. ఉపాధ్యాయులు వారికి పెదవుల కదలిక చూసి స్పానిష్ నేర్పబోయారు. అది పెద్దగా ఫలించలేదు. కాని ఆటస్థలంలో పిల్లలు తమలో తాము ఒక సైగల భాషను సృష్టించుకున్నారు. ఆ తర్వాత చేరిన చిన్న పిల్లలు పెద్దవారి కంటే దానిని మరింత చక్కటి వ్యాకరణంతో మాట్లాడారు. ఇంటి వద్ద ఒంటరిగా పెరిగిన పిల్లవాడు కొన్ని సైగలు కల్పించుకుంటాడు. వాటిలోనూ కొంత క్రమం ఉంటుంది. కాని తోటివారు లేకుండా అది పూర్తి భాష కాలేదు. మొదటి భాష ఆలస్యంగా దొరికిన వినికిడి లేనివారికి ఆ తర్వాత వ్యాకరణం పూర్తిగా పట్టుబడదని రేచల్ మేబెర్రీ పరిశోధనలు స్పష్టం చేశాయి.

మా పొరపాటు

ఇప్పుడు మా సంగతి చెబుతాము. దాదాపు ఇరవై ఏళ్ళ క్రితం ఒక తండ్రి ఏడేళ్ళ కుమారుణ్ణి వెంటబెట్టుకొని మా వద్దకు వచ్చారు. పిల్లవాడికి పుట్టుక నుండి వినికిడి లేదు. "మౌల్వీ సాబ్, వీడికి కూడా రెండు ముక్కలు దీన్ నేర్పండి" అని అడిగారు. పిల్లవాడి అక్క పక్కనే ఉంది. ఇద్దరూ చేతులతో ఏవో సైగలు చేసుకుంటూ నవ్వుకుంటున్నారు. మేము ఆ తండ్రికి రెండు మాటలు చెప్పాము. వినలేనివానికి పాఠం చెప్పడం సాధ్యం కాదని, అల్లాహ్ అతనికి మినహాయింపు ఇచ్చాడని, దుఆ చేయమని చెప్పాము. ఆ సైగలు మాన్పించండి, లేకపోతే నోరు తెరవడం అసలే నేర్చుకోడు అని కూడా సలహా ఇచ్చాము. ఆ తండ్రి మా మాట మీద గౌరవంతో అలాగే చేశారు.

ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక వలీమాలో ఆ పిల్లవాడిని యువకునిగా చూశాము. వంట దేగిసాలు మోస్తున్నాడు. ఒళ్ళు వంచి పని చేస్తున్నాడు, అందరూ మెచ్చుకుంటున్నారు. వరుసలో నిలబడి నమాజ్ కూడా చేశాడు. పక్కవారు వంగితే వంగాడు, లేస్తే లేచాడు. తాను ఎవరి ముందు నిలబడ్డాడో అతనికి చెప్పినవారెవరూ లేరు. మా సలహాతో తమ్ముడితో సైగలు తగ్గించుకున్న అక్క పెండ్లి చేసుకొని వేరే ఊరు వెళ్ళిపోయిందని తండ్రి చెప్పారు. ఆమెతో పాటే ఆ ఇంట్లో అతణ్ణి అర్థం చేసుకునే చివరి మనిషి కూడా వెళ్ళిపోయింది. తండ్రి మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు.

మమ్మల్ని ఎక్కువగా కలచివేసినది మరొకటి. మాటరాని వ్యక్తి సైగ అర్థమయ్యేదైతే అది మాటతో సమానమని ఫిఖ్హ్ పండితులు స్పష్టంగా చెప్పారు. మేము ఏటా పాఠం చెప్పే 'హిదాయా'లో ఆ అంశం ఉంది. ఉస్మానియా సామ్రాజ్యపు 'మజల్లా' 70వ సూత్రం అదే. సైగతో నికాహ్ చెల్లుతుంది, క్రయవిక్రయాలు చెల్లుతాయి. హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) తన జాతివారికి సైగతోనే బోధించిన వృత్తాంతం సూరా మర్యమ్‌లో ఉంది. ఇవన్నీ మాకు కంఠస్థమే. అయినా ఎదుట నిలిచిన అక్కాతమ్ముళ్ళ చేతులలో కదులుతున్నది భాష అని మేము గుర్తించలేకపోయాము.

మన ఇళ్ళలో

ఈ చర్చ నుండి మన కుటుంబాలు తీసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, శిశువుతో మాట్లాడండి. మీకు బాగా వచ్చిన భాషలో, మనసారా మాట్లాడండి. ఇంగ్లీషు రావాలన్న ఆరాటంతో కొందరు తల్లులు తమకు సరిగా రాని భాషలో పిల్లలతో నాలుగు ముక్కలు పలికి ఊరుకుంటున్నారు. పిల్లల బుద్ధికి రెండు మూడు భాషలు భారం కావు. తెలుగు, ఉర్దూ రెండూ వింటూ పెరిగిన మన తరాలే అందుకు సాక్ష్యం. భారమయ్యేది మాటల కరువు.

రెండవది, ఇంటి భాషను చూసి సిగ్గుపడకండి. మన దక్కనీని చెడిపోయిన ఉర్దూ అని వెక్కిరించేవారున్నారు. 'ఆతూఁ బోల్‌కే బోలా' అన్న వాక్యాన్ని చూడండి. తెలుగులో 'వస్తానని చెప్పాడు'. 'అని' అన్న చోట సరిగ్గా 'బోల్‌కే' వచ్చింది. ప్రామాణిక ఉర్దూలో 'కె' వాక్యానికి ముందు వస్తుంది, దక్కనీలో తెలుగు పద్ధతిలో వెనుక వస్తుంది. ఇది చెడిపోవడం కాదు, శతాబ్దాల ఇరుగుపొరుగుతనం నిర్మించిన నియమం. నియమం లేని మాతృభాష లోకంలో లేదు. ప్రామాణిక ఉర్దూను పిల్లలకు తప్పక నేర్పుదాం, కాని అవ్వ నోటి భాషను తప్పు అనకుండా నేర్పుదాం.

మూడవది, ముఖ్యమైనది. శబ్దానికి తల తిప్పని శిశువును, ఏడాది దాటినా మాట రాని శిశువును ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించండి. 'వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే వచ్చింది' అని కాలం గడపకండి. వినికిడి యంత్రం వల్ల, శస్త్రచికిత్స వల్ల ఎందరికో మేలు జరుగుతోంది. కాని అవి అందేవరకు, అందిన తర్వాత కూడా, పిల్లవాడు భాష లేకుండా ఒక్క రోజు గడపరాదు. సైగల భాష మాటకు అడ్డు కాదు. భారతీయ సంజ్ఞా భాష కోసం 2015లో ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వం ఒక పరిశోధన, శిక్షణ సంస్థను నెలకొల్పింది. అది 10,000 మాటలతో నిఘంటువు తయారు చేసింది. ఒక్క తల్లి నేర్చుకుంటే సరిపోదు. నాన్న, నానమ్మ, తోబుట్టువులు అందరూ నేర్చుకోవాలి. అల్ సయ్యిద్ పల్లె చేసినది అదే.

మద్రసాల బాధ్యత కూడా ఉంది. ప్రతి మద్రసాలో కనీసం ఒక ఉపాధ్యాయుడు సంజ్ఞా భాష నేర్చుకోవాలి. ప్రతి ప్రవక్తనూ ఆయా జాతి భాషలోనే పంపినట్లు సూరా ఇబ్రాహీమ్ తెలియజేస్తోంది. చేతులతో మాట్లాడేవారికి చేతులతోనే సందేశం అందాలి. ఈ వయసులో మేమూ నేర్చుకుంటున్నాము. వేళ్ళు సరిగా వంగవు, పొరపాట్లు చేస్తాము. ఫాయిల్ దగ్గర తడబడే మా విద్యార్థుల అవస్థ ఇప్పుడు మాకు బాగా అర్థమవుతోంది. వారిని ఇప్పుడు మందలించడం లేదు. "మీ అక్కతో తమ్ముడు ఎక్కడికి వెళ్ళాడో చెప్పు" అని అడుగుతున్నాము. అది నీకు తెలిసినదే, మేము చెప్పేది దాని పేరు మాత్రమే అంటే వారి ముఖాలు వికసిస్తాయి.

ఆ యువకుని ఇంటికి కూడా ఇటీవల వెళ్ళి వచ్చాము. పోయిన కాలం తిరిగి రాదని తెలుసు. ఇప్పుడు నేర్చుకోగలిగినంత నేర్చుకుంటాడు. నేర్చుకున్న మొదటి సైగలు ఆయనకు చూపించాము. ఆయన చాలాసేపు మా చేతుల వైపే చూశాడు.

మన పిల్లలలో ఎవరూ భాష లేకుండా మిగలకుండా చూసే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్. వల్లాహు ఆలమ్.